డెక్ కింది తుప్పు: యంత్ర సంరక్షణకూ పనివేళ కేటాయించాలి

విశ్వవిద్యాలయ ప్రాంగణాల్లోనూ, పరిశోధన స్థానాల్లోనూ పచ్చికను కోసే యంత్రాలు చివరకు ఏ కారణంతో మూలకు చేరుతున్నాయో పరిశీలిస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. చాలా సందర్భాల్లో ముందుగా చెడిపోయేది ఇంజన్ కాదు. తాడు లాగితే అది ఇంకా మోగుతూనే ఉంటుంది. దాన్ని మోస్తున్న ఉక్కు డెక్ మాత్రం అంచుల వెంట పొరలు పొరలుగా రాలిపోయి, చక్రాలు బిగించిన చోట చిల్లులు పడి, బొటనవేలితో నొక్కితే లొంగే స్థితికి వస్తుంది. అటువంటి యంత్రం స్టోర్సు షెడ్డులో కండెమ్నేషన్ కోసం ఎదురుచూస్తూ ఉండడం వ్యవసాయ విద్యార్థులకు కొత్త దృశ్యం కాదు. దీనికి నాసిరకం రంగునో, పలుచని రేకునో నిందించడం ఆనవాయితీ. ఆ నిందలో కొంత నిజముంది. అయితే అసలు కారణం యంత్రం తయారైన చోట కంటే, కోత ముగిసిన తరువాతి పది నిమిషాల్లో ఎక్కువగా ఉంది. ఆ పది నిమిషాలు ఎవరి పనిగంటల్లోనూ లేవు. విస్తరణ విభాగం ఈ లోపాన్ని తన బాధ్యతగా స్వీకరించనంత కాలం ఎంత మంచి రంగు వేసినా ప్రయోజనం స్వల్పమే.

డెక్ అంటే బ్లేడును కప్పి ఉంచే ఉక్కు గుల్ల మాత్రమే అనుకోవడం పొరపాటు. కోసిన గడ్డి పోచలను గాలివాటుతో పైకి లేపి పక్కకు నెట్టేది దాని ఆకృతే. అంతకంటే ముఖ్యంగా అది నడిపే మనిషికి రక్షణ కవచం. 53 సెంటీమీటర్ల బ్లేడు నిమిషానికి 3000 సార్లు తిరుగుతోందనుకుంటే దాని కొన వేగం సెకనుకు సుమారు 83 మీటర్లు, అంటే గంటకు 300 కిలోమీటర్లు. ఆ వేగంతో తగిలిన కంకర రాయి ఎటు పోతుందో డెక్ గోడే నిర్ణయిస్తుంది. గోడకు చిల్లు పడిన యంత్రాన్ని తోసుకుపోయే కార్మికుడు చాలాచోట్ల చెప్పులతోనే, ఒక్కోసారి వట్టి కాళ్లతోనే ఉంటాడు. కనుక తుప్పును కేవలం ఆస్తి నష్టంగా లెక్కించి ఊరుకోవడం సరికాదు. స్టాక్ రిజిస్టరులో యంత్రం ఉందా లేదా అని ఏటా తనిఖీ చేస్తారు. దాన్ని పక్కకు వంచి అడుగుభాగం చూసే తనిఖీ ఎక్కడా కనిపించదు.

తోటపని పుస్తకాల్లోనూ, యంత్రంతో వచ్చే మాన్యువళ్లలోనూ కనిపించే సలహా దాదాపు ఒకటే: కోతల కాలం ముగిశాక డెక్ శుభ్రం చేసి, ఆరబెట్టి, నూనె పూసి భద్రపరచాలి. ఈ సలహా పుట్టిన చోటు వేరు. గడ్డి కోత యంత్రాన్ని ఎడ్విన్ బడ్డింగ్ 1830లో ఇంగ్లండులోని స్ట్రౌడ్ ప్రాంతంలో రూపొందించాడు. ఉన్ని బట్ట మీది నూగును సమంగా కత్తిరించే మిల్లు యంత్రం అతనికి ఆ ఆలోచన ఇచ్చింది. ఆ మొదటి యంత్రాలకు చుట్ట బ్లేడులే తప్ప నేటి అర్థంలో డెక్ లేదు. గిరగిర తిరిగే బ్లేడు, దానిపై కప్పు తరువాతి శతాబ్దంలో వ్యాప్తిలోకి వచ్చాయి. యంత్రం మారినా దాని పంచాంగం మాత్రం మారలేదు. అక్కడ చలికాలంలో గడ్డి ఎదుగుదల ఆగిపోతుంది. అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడా శరదృతువు చివరలో మోవరును శుభ్రం చేసి గ్యారేజీలో పెట్టి, వసంతంలో తిరిగి తీస్తారు. ఏడాదికొక్కసారి వచ్చే ఆ విరామం చుట్టూ సంరక్షణ సూచనలన్నీ అల్లుకున్నాయి.

ఇక్కడ అటువంటి విరామం లేదు. నీరు పెట్టే పచ్చికలో గరిక దాదాపు ఏడాది పొడవునా పెరుగుతుంది. (పత్తి చేలో ఇదే గరికను పెకలించలేక రైతు అలసిపోతాడు, ప్రాంగణంలో దాన్నే ఎరువు వేసి పెంచి కోయిస్తారు. రెండు చోట్లా దాని మొండితనం ఒక్కటే.) ఎదుగుదల అన్నిటికంటే ఉద్ధృతంగా ఉండేది నైరుతి రుతుపవనాలు మొదలుకొని ఈశాన్య రుతుపవనాల వరకు, అంటే గాలిలో తేమ గరిష్ఠంగా ఉండే నెలల్లో. వారానికోసారి, కొన్నిచోట్ల అంతకంటే తరచుగా కోయవలసి వచ్చేది సరిగ్గా తుప్పుకు అనువైన కాలంలోనే. ‘కాలం ముగిశాక శుభ్రం చేయండి’ అన్న వాక్యాన్ని తెలుగులోకి మార్చి కరపత్రంలో అచ్చువేస్తే అది తప్పు సలహా అవుతుంది. మాటలు మారాయి గానీ కాలం మారలేదు.

తుప్పు పట్టే తీరు

ఇనుము, నీరు, ఆక్సిజన్ కలిస్తే తుప్పు పడుతుందన్నది పాఠశాల పాఠం. డెక్ విషయంలో ఆ పాఠాన్ని మరొక మెట్టు ముందుకు తీసుకుపోవాలి. తాజా గడ్డి బరువులో దాదాపు నాలుగింట మూడు వంతులు నీరే. బ్లేడు దాన్ని ముక్కలు చేసి డెక్ లోపలి గోడకు విసిరినప్పుడు పసరు జిగురులా పనిచేసి పొర పొరగా అతుక్కుంటుంది. పై పొర ఎండి పిడకలా గట్టిపడుతుంది, లోహాన్ని తాకిన పొర రోజుల తరబడి తడిగానే ఉంటుంది. ఆ తడి పొర కింద ఆక్సిజన్ తక్కువ, దాని అంచుల వద్ద ఎక్కువ. ఒకే రేకు మీద ఆక్సిజన్ లభ్యతలో ఇంత తేడా ఏర్పడినప్పుడు గాలి ఆడని భాగం ఆనోడుగా మారి అక్కడి ఇనుము కరుగుతుంది, గాలి తగిలే అంచు కాథోడుగా పనిచేస్తుంది. గడ్డి ముద్దను గోకి తీసినప్పుడు దాని అంచున ఎర్రటి వలయం, మధ్యలో గుంటలు కనిపించడానికి కారణమిదే. పైపై తుప్పు కంటే ఈ గుంటలే ప్రమాదకరం, రేకును చిల్లు పొడిచేవి అవే.

రంగు చేసే మేలు ఎంతో, దాని పరిమితి ఎక్కడో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఇసుక రేణువులు, చిన్న రాళ్లు డెక్ లోపలి రంగును నిరంతరం గీస్తూనే ఉంటాయి. ఆ గీతల్లోకి చేరిన నీరు రంగు అడుగున పక్కకు పాకుతుంది. ఇనుము తుప్పుగా మారినప్పుడు అసలు లోహం కంటే కనీసం రెండు రెట్ల స్థలాన్ని ఆక్రమిస్తుంది. ఆ ఉబ్బు రంగును బొబ్బలుగా పైకి లేపుతుంది. పైనుంచి చూసేవారికి నునుపుగా కనిపించే రంగు కింద లోహం ఎప్పుడో కరిగిపోయి ఉండవచ్చు. తుప్పు మీదనే రంగు వేయించి ‘మరమ్మతు జరిగింది’ అని రాయడం దాన్ని కంటికి కనబడకుండా చేయడమే.

వ్యవసాయ విశ్వవిద్యాలయంలో మిగతా చోట్ల లేని అదనపు కారణం ఒకటుంది. అది ఎరువు. పచ్చికకు యూరియా చల్లుతారు, పొటాష్ వేస్తారు. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ రసాయనికంగా పొటాషియం క్లోరైడ్, దాని బరువులో సుమారు 47 శాతం క్లోరినే. క్లోరైడ్ అయాన్లు ఉక్కుకు ఆగర్భ శత్రువులు. నీటి విద్యుద్వాహకత పెంచి తుప్పు వేగాన్ని హెచ్చిస్తాయి, గుంటలు పడడానికి తోడ్పడతాయి. ఎరువు చల్లిన మర్నాడే కోత సాగిస్తే కరగని రేణువులు కూడా గడ్డితో పాటు డెక్‌కు అంటుకుంటాయి. ఇది చాలదన్నట్టు కోత యంత్రాన్నీ ఎరువు బస్తాలనూ ఒకే షెడ్డులో పెట్టడం సర్వసాధారణం. 30 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద గాలిలో సాపేక్ష తేమ సుమారు 73 శాతం దాటితే యూరియా తేమను పీల్చుకొని చెమ్మగిల్లుతుంది. కోస్తాలో వర్షాకాలపు రాత్రుల్లో తేమ ఆ హద్దును సునాయాసంగా దాటుతుంది. యూరియా దుమ్ము పడిన లోహం వర్షంలో తడవకపోయినా తడిగానే ఉంటుందన్నమాట. స్థలం కొరత వల్ల వేరు షెడ్డు సాధ్యం కాకపోవచ్చు. కనీసం మధ్యలో గోడో తడకో ఉండాలి, యంత్రాన్ని మట్టి నేల మీద కాకుండా ఇటుకలపై పరచిన చెక్కల మీద నిలపాలి. గోనెపట్టా కప్పడం మంచిదనుకుంటారు. తడి పీల్చిన గోనె యంత్రానికి తడిబట్ట చుట్టినట్టే.

నీళ్లతో కడగాలా, పొడిగా గోకాలా అన్న ప్రశ్నపై అనుభవజ్ఞుల్లో ఏకాభిప్రాయం లేదు. వెంటనే ఆరబెట్టగలిగితే కడగడం మేలు, లవణాలు నీటితోనే పోతాయి గనుక. కడిగిన తరువాత యంత్రాన్ని నేలపై సరిగా నిలిపి ఒకటి రెండు నిమిషాలు నడిపితే బ్లేడు గాలికే చాలావరకు తడి ఆరుతుంది. ఆరబెట్టే వీలు లేనప్పుడు పొడిగా గోకడమే నయం. ఈ చర్చలో సాధారణంగా మరచిపోయే విషయం ఏ నీళ్లతో కడుగుతున్నారన్నది. కృష్ణా డెల్టా తీరగ్రామాల్లో అనేకచోట్ల బోరు నీరు ఉప్పన. ఆ నీటితో డెక్ కడిగి నీడలో వదిలేయడం, లవణం పోగొట్టే పేరుతో లవణం పూయడమే. అటువంటి చోట కాలువ నీరో, పట్టి ఉంచిన వాన నీరో వాడాలి. అవి లేకుంటే నీటి జోలికే పోకూడదు. అధిక పీడన వాషర్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి. వాటి ధార బ్లేడు ఇరుసు బేరింగులోకి నీటిని నెడుతుంది. తళతళలాడే డెక్, అరిగిన బేరింగు కలిసి ఉండే యంత్రాలు ఇలాగే తయారవుతాయి. విద్యుత్ మోవర్ల అడుగున నీరు పోయవచ్చో లేదో తయారీదారు సూచన చూసి గాని నిర్ణయించరాదు.

గోకే పని కష్టమైనది కాదు గాని క్రమం తప్పితే ప్రమాదకరం. ఇంజన్ ఆపి, చల్లారనిచ్చి, స్పార్క్ ప్లగ్ తీగ ఊడదీసిన తరువాతే చేయి పెట్టాలి. వేడి ఇంజన్‌లో బ్లేడును చేత్తో తిప్పినా అంటుకునే అవకాశం ఉంటుంది. యంత్రాన్ని వంచేటప్పుడు ఎయిర్ ఫిల్టర్, కార్బురేటర్ ఉన్న వైపు పైకి ఉండాలి, లేకుంటే నూనె వాటిలోకి దిగుతుంది. వెదురు బద్దతోనో ప్లాస్టిక్ గీకుడుతోనో గడ్డి తీయాలి. కొడవలి మొనతో, గునపంతో గీకితే గడ్డితో పాటు రంగూ పోతుంది. మడత అంచులు, వెల్డింగు అతుకులు, చక్రాల బోల్టుల చుట్టూ, గడ్డి బయటికి పోయే మూతి దగ్గర ప్రత్యేకంగా చూడాలి. చేతికి తొడుగు తప్పనిసరి. వారానికొకసారి కోసేచోట ప్రతి కోత తరువాతా ఇది చేస్తే ప్రతిసారీ పది నిమిషాలు సరిపోతాయి. నెల రోజులు వదిలేస్తే ఎండిన ముద్దను తీయడానికి గంట పడుతుంది, అప్పటికి గుంటలు మొదలై ఉంటాయి.

కోత వేళ గురించి పాఠ్యగ్రంథాలు చెప్పేది నిజమే: మంచు ఆరిన గడ్డి కోయాలి. తడి గడ్డి సరిగా తెగదు, డెక్‌కు అంటుకుంటుంది. కానీ ఏప్రిల్, మే నెలల్లో మంచు ఆరేదాకా ఆగమంటే కార్మికుణ్ణి ఎండలో నిలబెట్టడమే. తెల్లవారుజామున కోస్తారంటే అది సోమరితనం కాదు, ఒంటిని కాపాడుకోవడం. యంత్రం కోసం మనిషిని ఎండబెట్టే సలహాను విస్తరణ శాస్త్రవేత్త ఇవ్వకూడదు. సాయంత్రపు కోత వీలైతే మంచిది. వీలుకాకపోతే తడి గడ్డి కోసినందుకు శుభ్రపరిచే పని పెరుగుతుందని ఒప్పుకొని ఆ పనికి వేళ ఇవ్వాలి.

కాలిన నూనె, కరక్కాయ

గ్రామీణ వర్క్‌షాపుల్లో తుప్పుకు అందరూ చెప్పే మందు కాలిన ఇంజన్ ఆయిల్. ఉచితంగా దొరుకుతుంది, నల్లగా నిగనిగలాడుతుంది, పని జరిగినట్టు కనిపిస్తుంది. దీన్ని ప్రోత్సహించరాదు. ఇంజన్‌లో ఇంధనం మండినప్పుడు పుట్టిన ఆమ్ల పదార్థాలు, లోహపు అరుగుదల రేణువులు, హానికర హైడ్రోకార్బన్లు అందులో ఉంటాయి. లోహాన్ని కాపాడవలసిన పూతలోనే ఆమ్లం ఉండడం విపరీతం. పైగా అది చుక్కలుగా పచ్చికలోకి కారి గడ్డిని మాడుస్తుంది, నేలను కలుషితం చేస్తుంది. ప్రయోగశాలలో భూసార పరీక్షలు చేసే సంస్థ తన ముంగిట ఆ నూనెను కార్చుకోవడం చూడముచ్చటైన సంగతి కాదు. పలుచగా పూసిన తాజా నూనె, తిరగని భాగాల మీద గ్రీజు, మైనం ఆధారిత తుప్పు నిరోధక పూతలు ఇంతకంటే మెరుగు. అయితే కోత సాగుతున్న రోజుల్లో డెక్ లోపల పూసిన ఏ నూనె అయినా ఒక్క కోతకే గడ్డితో తుడుచుకుపోతుందని గుర్తుంచుకోవాలి. నూనె పూత నెలల తరబడి పని లేనప్పుడు భద్రపరచడానికి పనికొస్తుంది, శుభ్రతకు బదులు కాదు.

తుప్పు పట్టిన చోట మరమ్మతుకు తొందర కంటే క్రమం ముఖ్యం. తీగ బ్రష్‌తో వదులు తుప్పు రాల్చి, ఎమరీ కాగితంతో పాత రంగు అంచులను నునుపుగా రుద్ది, జిడ్డు తుడిచి, అదే రోజు ప్రైమర్ వేయాలి. కోస్తా గాలిలో బట్టబయలైన ఉక్కును రాత్రంతా వదిలితే తెల్లారేసరికి పలుచని తుప్పు మళ్లీ కనిపిస్తుంది. రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ అందరికీ అలవాటు. జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ ఖరీదు ఎక్కువైనా ఇటువంటి తడి పనికి మేలైనది. మందంగా ఒక్క పూత కంటే పలుచగా రెండు పూతలు నిలుస్తాయి. అల్యూమినియం డెక్, ప్లాస్టిక్ డెక్ కొనమనే వాదన కూడా ఉంది. అల్యూమినియానికి ఎర్ర తుప్పు పట్టదు గాని సముద్రపు ఉప్పు గాలికి దానికీ గుంటలు పడతాయి. ప్లాస్టిక్కు ఎండలో వదిలితే పెళుసవుతుంది. కొనుగోలు నిర్ణయం సంరక్షణ బాధ్యతను తగ్గిస్తుందే తప్ప రద్దు చేయదు.

మార్కెట్లో దొరికే తుప్పు మార్పిడి ద్రావణాల గురించి చెప్పవలసి వచ్చినప్పుడు అధ్యాపకులకు చక్కని ఉదాహరణ తెలుగు నేలపైనే ఉంది. ఆ ద్రావణాల్లో చాలావాటిలో టానిక్ ఆమ్లం ఉంటుంది. అది తుప్పుతో కలిసి నీలి నలుపు ఫెర్రిక్ టానేట్‌గా మారి లోహం మీద స్థిరమైన పొర కడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో నల్ల గీతలు కూడా ఇదే రసాయన చర్య. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీటిలో పులియబెట్టి తీసిన ద్రావణాన్ని, కరక్కాయ రసంలో తడిపి ఆరబెట్టిన బట్ట మీద కలంతో గీస్తే అది నల్లబడుతుంది. కరక్కాయలో టానిన్లు పుష్కలం. కలంకారీ కళాకారుడికి తుప్పు ముడిసరకు, మెకానిక్కుకు అదే శత్రువు. అంతమాత్రాన కరక్కాయ కషాయం డెక్‌కు పూస్తే చాలునని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. మార్కెట్ ద్రావణాల్లో టానిన్‌తో పాటు పొరను పట్టి ఉంచే పాలిమర్లూ ఉంటాయి, పైన రంగు ఎలాగూ వేయవలసిందే. ఇళ్లలో ఇత్తడికి వాడే చింతపండు గుజ్జు తేలికపాటి తుప్పును కరిగిస్తుంది, అందులోని టార్టారిక్ ఆమ్లం వల్ల. పని ముగిశాక ఆ ఆమ్లాన్ని పూర్తిగా కడిగి ఆరబెట్టకపోతే కొత్త తుప్పును అదే పిలుస్తుంది.

పది నిమిషాల ఖర్చు ఎవరిది?

ఇంతవరకు చెప్పినదాంట్లో కార్మికుడికి తెలియనిది కొంచెమే. డెక్ కింద గడ్డి పేరుకుంటుందని, దాన్ని తీయాలని అతనికి తెలుసు. తీయకపోవడానికి కారణం అజ్ఞానమని భావించి మరొక శిక్షణ తరగతి ఏర్పాటు చేయడం విస్తరణ రంగంలో తరచు జరిగే పొరపాటు. ప్రాంగణపు పచ్చిక కోతను విస్తీర్ణం లెక్కన అప్పగిస్తారు. ఈ లాను ఉదయం, ఆ లాను మధ్యాహ్నం, అతిథులు వచ్చేలోగా ముంగిలి. యంత్రాన్ని వంచి శుభ్రం చేసే పది నిమిషాలు ఆ లెక్కలో ఎక్కడా ఉండవు. గీకుడు, చేతి తొడుగులు, ఒక గుడ్డ కావాలంటే ఇండెంటు పెట్టాలి. వంద రూపాయల వస్తువు లేక వేల రూపాయల యంత్రం పాడవుతున్నప్పుడు, పొరుగుసేవల కింద పనిచేస్తూ ఏడాదికి ఒకసారి మారిపోయే మనిషిని బాధ్యుణ్ణి చేయడం అన్యాయం.

ఇదే చిత్రం పొలాల్లో మరింత పెద్ద పరిమాణంలో కనిపిస్తుంది. 2014-15లో ప్రారంభమైన వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్ కింద రాయితీతో యంత్రాలు, అద్దె యంత్రాల కేంద్రాలు గ్రామాలకు చేరాయి. మామిడి, కొబ్బరి, ఆయిల్ పామ్ తోటల్లో ట్రాక్టరుకు తగిలించి కలుపు కోసే స్లాషర్ నిర్మాణంలో మోవరుకు అన్నవంటిది. అదే తిరిగే బ్లేడు, అదే కప్పు, దాని కింద అదే తడి గడ్డి. వరిలో దమ్ముకు దిగిన రోటవేటర్ కప్పు లోపల గడ్డికి బదులు బురద. ఎరువు పెట్టె ఉన్న విత్తన గొర్రులో రాత్రంతా మిగిలిపోయిన డీఏపీ, యూరియా. తుప్పు శాస్త్రం అన్నిటికీ ఒక్కటే. పాలనాపరమైన లోపమూ ఒక్కటే. అద్దె లెక్క గంటలకు, గడియారం ఆగేది గట్టు మీద. రైతు తన గంటలకు డబ్బిచ్చి వెళ్తాడు, డ్రైవర్ తరువాతి పొలానికి పరుగెత్తుతాడు, కేంద్రం నిర్వాహకుడు రాత్రికి యంత్రం తిరిగొచ్చిందా అని మాత్రమే చూస్తాడు. శుభ్రపరిచే పని ముగ్గురిలో ఎవరిదీ కాదు.

పరిష్కారం రుసుములోనే వెతకాలి. అద్దెలో శుభ్రతకు ఒక పాలు స్పష్టంగా చూపి, ఆ డబ్బు డ్రైవరుకే అందేలా, శుభ్రం చేసిన యంత్రాన్ని కేంద్రంలో చూపిన తరువాతే చేతికి వచ్చేలా ఏర్పాటు చేయవచ్చు. అద్దె పెరుగుతుందన్న అభ్యంతరం వస్తుంది, అది తోసిపుచ్చదగినది కాదు. చిన్న రైతుకు గంటకు ఇరవై రూపాయల తేడా కూడా తేడాయే. కానీ తుప్పు పట్టిన యంత్రం మరమ్మతు ఖర్చు కూడా చివరకు అద్దెలోనే చేరుతుంది, కాకపోతే ఆలస్యంగా, ఎవరికీ కనిపించకుండా. విశ్వవిద్యాలయాలు ఈ మార్పును తమ ప్రాంగణంతోనే ప్రారంభించగలవు. కోత కొలతలో శుభ్రతను ఒక భాగంగా రాయడం, లాగ్‌బుక్కులో అడుగుభాగం స్థితికి ఒక గడి చేర్చడం, వార్షిక తనిఖీలో యంత్రాన్ని వంచి చూడడం కొత్త బడ్జెటు అడిగే పనులు కావు.

అధ్యయన విషయంగా కూడా దీనికి తగిన గౌరవం దక్కడం లేదు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థలో నిర్వహణ, సంరక్షణలపై శిక్షణ ఇస్తారు. వ్యవసాయ డిగ్రీ విద్యార్థి మాత్రం మోల్డ్‌బోర్డు నాగలి భాగాల బొమ్మ గీసి, యంత్రాన్ని ఒక్కసారి కూడా తలకిందులుగా చూడకుండా పట్టా పుచ్చుకునే అవకాశం ఉంది. గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో పల్లెకు వెళ్లే విద్యార్థులు విత్తనశుద్ధిని చేసి చూపిస్తారు. రోటవేటర్ కప్పు కింద గోకి చూపించడం ప్రదర్శన కాదని ఎవరు నిర్ణయించారో తెలియదు.

తెలుగు నేలపై ఏ పద్ధతి ఎంత మేలు చేస్తుందో అంకెల్లో చెప్పడానికి పెద్ద పరికరాలు అవసరం లేదు. ఒకే కొలతతో కత్తిరించి, బరువు తూచిన మైల్డ్ స్టీలు ముక్కలను డెక్ లోపలి గోడకు బిగించి, ఒక వానాకాలమంతా మామూలుగా కోత సాగించి, తరువాత తుప్పు తొలగించి మళ్లీ తూస్తే తగ్గిన బరువే కోల్పోయిన లోహం. తుప్పు నష్టాన్ని కొలిచే పద్ధతుల్లో ఇది పాతదీ, నమ్మదగినదీ. ఒక యంత్రాన్ని అసలు శుభ్రం చేయకుండా, ఒకదాన్ని పొడిగా గోకి, ఒకదాన్ని కాలువ నీటితో కడిగి ఆరబెట్టి, ఒకదాన్ని ఉప్పన బోరు నీటితో కడిగి పోల్చవచ్చు. అదే ప్రయోగాన్ని సముద్రానికి దగ్గరగా ఉన్న బాపట్లలోనూ, వాన తక్కువ పడే అనంతపురంలోనూ ఒకే కాలంలో నడిపితే శుభ్రతకు ఏ ప్రాంతంలో ఎంత తరచుదనం అవసరమో తేలుతుంది. ప్రతి శుభ్రతకు పట్టిన నిమిషాలను కూడా గడియారం పెట్టి నమోదు చేయాలి. అద్దెలో కలపవలసిన మొత్తాన్ని ఆ నిమిషాల నుంచే లెక్కగట్టాలి.